మడమ చప్పుడు: పక్షవాతం తర్వాత కాలి బ్రేస్ దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు

పక్షవాతం వచ్చి లేచిన మనిషి నడకని నేను ముందు చెవితో వింటాను. గుమ్మం బయట చెప్పులు విప్పుతుండగానే లోపల నుంచి వినబడుతుంది. బాగున్న కాలు ‘టప్’మని పడుతుంది, పడిపోయిన కాలు ‘సర్ర్’మని నేలని గీరుకుంటూ వస్తుంది. టప్, సర్ర్. ఆ రెండో చప్పుడు బొటనవేలిది. అక్కడ వినబడాల్సింది మడమ చప్పుడు.

విశాఖలో ఇళ్లకి వెళ్లి ఫిజియోథెరపీ చేయించడం నా పని. మహారాణిపేటలో ఒక డౌన్ మీద, అంటే వాలు వీధిలో, రిటైరైన తెలుగు మాస్టారు ఉంటారు. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయి, మూడు నెలలకి కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. పాదం వాలకుండా కాలికి వేసే తొడుగు, అదే బ్రేస్, దాని మాట ఎత్తగానే ఆయన భార్య నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి అడిగారు: “అది వేస్తే కాలు దానికే అలవాటైపోద్దంట కదమ్మా? ఇక జన్మలో సొంతంగా నడవలేరని మా మరిది గారు అంటన్నారు.”

ఈ ప్రశ్న నన్ను అడగని ఇల్లు లేదు. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ చీలమండ దగ్గర ఏం జరుగుతోందో చూడాలి.

మెదడుకి ఒక పక్క రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా రెండో పక్క కాలికీ చేతికీ వెళ్లే ఆజ్ఞలు పలచబడతాయి. మోకాలి కింద, ఎముక పక్కనే ముందువైపు ఒక కండరం ఉంటుంది. పాదాన్ని పైకెత్తేది అదే. వెనక పిక్క కండరం పాదాన్ని కిందికి లాగుతుంది. బాగున్న మనిషిలో ఈ రెండూ వంతులేసుకుని పనిచేస్తాయి. పక్షవాతంలో ముందు కండరం నీరసిస్తుంది. పిక్క మొదట్లో వదులుగానే ఉన్నా వారాలు గడిచేకొద్దీ చాలామందిలో బిగుసుకుంటుంది. దాంతో పాదం కిందికి వాలి, లోపలికి మెలి తిరుగుతుంది. పాదం ఇలా వాలిపోవడాన్నే డాక్టర్లు ఫుట్ డ్రాప్ అంటారు.

అడుగు ముందుకు వేయాలంటే గాల్లో ఉన్న కాలు కాసేపు పొట్టిదవ్వాలి. తుంటి వంగుతుంది, మోకాలు 60 డిగ్రీల దాకా వంగుతుంది, పాదం పైకి లేస్తుంది. ఇంత చేసినా బొటనవేలికీ నేలకీ మధ్య మిగిలే సందు ఒకటి రెండు సెంటీమీటర్లే. గడప మీద బట్ట అంచు తగిలినా మనం తూలేది అందుకే. పాదం వాలిపోయిన మనిషికి ఆ కొంచెం సందు కూడా ఉండదు, కాలు పొడుగైపోయినట్టే. అందుకని నడుం ఎగరేస్తారు, లేదా కాలిని కొడవలి తిప్పినట్టు బయటికి తిప్పి తెస్తారు. చూసేవాళ్లకి అది కాలి లోపంలా కనబడుతుంది గానీ, నిజానికి అది పడిపోకుండా ఒళ్లు కనిపెట్టుకున్న ఉపాయం. ఆ ఉపాయానికి ఖర్చు ఉంది. పదడుగులకే ఆయాసం వస్తుంది, నడుం నొప్పి పుడుతుంది, బుర్రంతా అడుగు మీదే ఉంటుంది. నడుస్తున్న మనిషిని ఎవరైనా పలకరిస్తే ఆగిపోతారు, గమనించారా? మాటకీ అడుగుకీ కలిపి బుర్రలో చోటు చాలదు.

అడుగు నేల మీద పడ్డాక ఇంకో గొడవ. మడమ ముందు ఆనాలి. ఇక్కడ వేళ్లో, పాదం బయటి అంచో ముందు తగులుతుంది. పాదం వాలి ఉండగా బరువు పడితే మోకాలి కింది ఎముక వెనక్కి నెట్టబడుతుంది, మోకాలు విల్లులా వెనక్కి విరుచుకుంటుంది. ఆ క్షణానికి అది గట్టిగా నిలబడ్డట్టే అనిపిస్తుంది. ఏళ్ల తరబడి అలాగే నడిస్తే మోకాలి వెనక నొప్పి మొదలవుతుంది.

బ్రేస్ పని ఇక్కడ. మా రంగంలో ఏఎఫ్ఓ (యాంకిల్ ఫుట్ ఆర్థోసిస్) అంటాం, ఇళ్లలో స్ప్లింట్ అంటారు, ప్లాస్టిక్ జోడు అనేవాళ్లూ ఉన్నారు. ఎక్కువగా వాడేది పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌ని వేడి చేసి కాలి అచ్చు మీద పరిచి చేసిన ఎల్ ఆకారపు తొడుగు. అరికాలి కింద ఒక పలక, పిక్క వెనక ఒక రెక్క, పైన ఒక పట్టీ, చీలమండ దగ్గర ఒక పట్టీ. గాల్లో పాదం వాలకుండా పడుతుంది, నేల మీద మడమని ముందు ఆనిస్తుంది, మోకాలు వెనక్కి విరుచుకోకుండా కొంత ఆపుతుంది. వేసిన రోజే, మొదటి పదడుగుల్లోనే తేడా కనబడుతుంది. తీసేస్తే ఆ తేడా పోతుంది. అందుకే నేను కళ్లజోడుతో పోలుస్తాను. కళ్లజోడు కంటి జబ్బుని నయం చేయదు, పెట్టుకున్నంతసేపు అక్షరం కనబడుతుంది. మాస్టారికి ఈ పోలిక నచ్చింది, ఆయన 30 ఏళ్లుగా కళ్లజోడు మనిషే.

మరి అలవాటు సంగతి? నెదర్లాండ్స్‌లో 33 మంది మీద ఒక ప్రయోగం జరిగింది. పక్షవాతం వచ్చిన తొలి వారాల్లోని రోగులని చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి బ్రేస్ ప్రయోగం మొదటి వారంలోనే ఇచ్చారు, రెండో జట్టుకి తొమ్మిదో వారంలో. ముందు వేసుకున్నవాళ్లకి బ్యాలెన్సూ నడకా ముందు మెరుగయ్యాయి. 26 వారాలు తిరిగేసరికి రెండు జట్లూ ఇంచుమించు ఒకచోటికే చేరాయి. పాదాన్ని పైకెత్తే ఆ ముందు కండరంలో విద్యుత్ చలనాన్ని కూడా కొలిచారు. ఆరు నెలలు బ్రేస్ వాడినందువల్ల ఆ కండరం పని తగ్గిపోయిందనడానికి ఆధారం దొరకలేదు. 2019లో వెలువడిన ఫలితం ఇది. చిన్న ప్రయోగమే, ఒప్పుకుంటాను. కానీ “కాలు సోమరిదైపోద్ది” అన్న మాటకి ఆ మాత్రం ఆధారం కూడా నేనెక్కడా చూడలేదు. ఆ భయంతో బ్రేస్ అటక మీద పెట్టేసిన ఇళ్లు మాత్రం చాలా చూశాను. ఆ ఇళ్లలో మనిషి సోఫాకి అలవాటు పడ్డాడు. కాలిని నీరసపరిచేది నడవకపోవడం.

ఇంతవరకూ నడక సంగతి. చిక్కంతా బ్యాలెన్స్ దగ్గర ఉంది. “బ్రేస్ వేస్తే బ్యాలెన్స్ వస్తుందా?” అని అడుగుతారు. బ్యాలెన్స్ అనేది ఒకటే వస్తువు కాదు కాబట్టి దీనికి ఒక్క మాటలో అవునని గానీ కాదని గానీ చెప్పలేం.

2013లో సారా టైసన్, మరో పరిశోధకురాలు కలిసి అప్పటిదాకా వచ్చిన 13 ప్రయోగాలని, మొత్తం 334 మందిని, ఒకచోట చేర్చి లెక్క కట్టారు. నడక బ్రేస్‌తో మెరుగైంది, అందులో సందేహం లేదు. నిలబడ్డప్పుడు రెండు కాళ్ల మీదా బరువు పంచుకోవడమూ మెరుగైంది. కానీ కదలకుండా నిలబడ్డప్పుడు ఒళ్లు ఊగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. కుర్చీలోంచి లేచి కొంచెం దూరం నడిచి తిరిగొచ్చి కూర్చునే పరీక్షలోనూ తేడా తేల్చి చెప్పేంత రాలేదు. పైగా ఆ ప్రయోగాలన్నీ దాదాపుగా బ్రేస్ వేసిన వెంటనే చూసినవి, నెలల తర్వాత చూసినవి కావు.

ఒకదానికి పనికొచ్చి ఇంకోదానికి పనికిరాకపోవడం వింతేమీ కాదు. చిన్నప్పుడు అరచేతి మీద కర్రని నిలబెట్టి ఆడేవాళ్లం. కర్ర ఎటు వాలితే చెయ్యి అటు కొంచెం జరుపుతాం. మనిషి నిలబడటం అలాంటిదే, ఆ చెయ్యి చేసే పని చీలమండ చేస్తుంది. ముందుకి ఒరిగితే పిక్క బిగుస్తుంది, వెనక్కి ఒరిగితే ముందు కండరం లాగుతుంది. ఇదంతా మనకి తెలియకుండానే జరిగిపోతుంది. ఇప్పుడు మణికట్టుకి గట్టిగా కట్టు కట్టి కర్రని నిలబెట్టమంటే? గట్టి బ్రేస్ చీలమండకి చేసేది అదే. కాలు తిన్నగా ఆనుతుంది గనక ఆ కాలి మీద బరువు మోపడానికి ధైర్యం వస్తుంది. చిన్న చిన్న సవరింపులు చేసుకునే స్వేచ్ఛ మాత్రం తగ్గుతుంది. చీలమండలో ఇంకా కొంత పట్టు మిగిలి ఉన్న మనిషికి అది నష్టం. ఏ పట్టూ లేని మనిషికి పోయేదేమీ లేదు, లాభమే. ఒకే బ్రేస్ పక్కింటాయనని నిలబెట్టి మనవాళ్లని తూలించడానికి కారణం ఇదే.

ఈ మాట పుస్తకంలో చదివిందే అయినా నాకు ఒంటబట్టింది మాస్టారి దగ్గరే. మొదట ఆయనకి నేను గట్టి రకమే సూచించాను. ఫిజియోథెరపీ సెంటర్‌లో నున్నటి గచ్చు మీద పది మీటర్లు నడిపించి గడియారంతో కొలిస్తే వేగం పెరిగింది, మోకాలు విరుచుకోవడం ఆగింది. అందరం సంతోషపడ్డాం. రెండు రోజుల తర్వాత ఫోనొచ్చింది: వీధిలో డౌన్ దిగుతుంటే మోకాలు ముందుకి మడత పడింది, కొడుకు పట్టుకున్నాడు గనక సరిపోయింది.

తప్పు నాదే. ఆయన ఎక్కడ నడుస్తారో చూడకుండా సెంటర్ నేలని నమ్మాను. ఈ ఊళ్లో డౌన్ అనేది దారి పేరు, కేజీహెచ్ డౌన్, కలెక్టరాఫీస్ డౌన్ అని చిరునామాలే చెప్పుకుంటాం. వాలులో దిగేటప్పుడు పాదం కింది వైపుకి వంగాలి. పాదాన్ని కాలికి 90 డిగ్రీల్లో బిగించేసిన బ్రేస్ వంగనివ్వదు. పాదం వాలుతో పాటు ముందుకి ఒరిగితే దానికి అతికిన కాలు కూడా ముందుకి ఒరుగుతుంది, మోకాలు వంగిపోతుంది. తొడ కండరంలో బలం ఉంటే ఆపుకుంటారు, లేకపోతే కూలబడతారు. ఎక్కేటప్పుడు దీనికి తిరగేసి: కాలు వెనక్కి నెట్టబడుతుంది, అడుగు ముందుకి పడదు. కుర్చీలోంచి లేవడమూ కష్టమే. లేవాలంటే పాదాన్ని మోకాలి కన్నా వెనక్కి లాక్కోవాలి, చీలమండ వంగకపోతే మడమ లేచిపోతుంది. కింద కూర్చుని లేవడం, పాత రకం దొడ్డిలో గొంతుక్కూర్చోవడం సంగతి చెప్పనక్కర్లేదు.

రకాలు వేరువేరుగా ఉన్నది అందుకే. పిక్క వెనక సన్నటి రెక్కతో స్ప్రింగులా వంగేది ఒకటి. పాదం వాలడమే సమస్య అయి, బిగుతు పెద్దగా లేనివాళ్లకి అది చాలు. చీలమండ దగ్గర కీలు పెట్టినది ఇంకొకటి. కాలు ముందుకి వంగనిస్తుంది, పాదం వాలకుండా ఆపుతుంది. గట్టి రకం ఎవరికంటే, బిగుతు బాగా ఎక్కువై పాదం మెలి తిరిగిపోతున్నవాళ్లకీ, మోకాలు బొత్తిగా నిలవనివాళ్లకీ. కార్బన్ ఫైబర్‌వి తేలిగ్గా ఉంటాయి, ధర ఎక్కువ. మాస్టారికి చివరికి కీలు రకం చేయించాం. కీలులో పాదం కొద్దిగా కిందికి వంగే సందు కూడా పెట్టించి, బూటు మడమ కింద మెత్తటి రబ్బరు వేయించాం. దిగేటప్పుడు కర్ర ముందు, తర్వాత దెబ్బతిన్న కాలు, ఆ తర్వాత బాగున్న కాలు. ఎక్కేటప్పుడు బాగున్న కాలే ముందు. ఈ వరస నోటికి వచ్చేదాకా వీధిలోనే సాధన చేయించాను.

బూటు మాట వచ్చింది గనక చెప్పాలి, ఎందుకంటే బ్రేస్ విషయంలో సగం గెలుపోటములు చెప్పుల దగ్గరే తేలిపోతాయి. బ్రేస్ ఒక ఎత్తు మడమ ఉన్న బూటుకి సరిపడా చేస్తారు. అదే బ్రేస్‌ని చదును చెప్పులో పెడితే కాలు వెనక్కి వాలుతుంది, ఇంకా ఎత్తు మడమలో పెడితే ముందుకి తోస్తుంది. బూటు మార్చడమంటే బ్రేస్ మార్చినంత పనే.

అంతకన్నా పెద్ద విషయం, మన ఇళ్లలో చెప్పులు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. బ్రేస్ కూడా బూటుతో పాటు అక్కడే ఆగిపోతుంది. బయట తిరిగే గంట సేపు బ్రేస్, ఇంట్లో తిరిగే మిగతా రోజంతా ఉట్టి కాలు. ఆ నెదర్లాండ్స్ ప్రయోగంలోనే ఇంకో సంగతి బయటపడింది. ముందుగా బ్రేస్ ఇచ్చిన జట్టు ఎక్కువసార్లు పడిపోయింది. ఇది చదివి మొదట నేను ఉలిక్కిపడ్డాను. తర్వాతి వాక్యంలో ఉంది అసలు సంగతి: ఆ పడిపోవడాల్లో సగానికి పైగా బ్రేస్ వేసుకోనప్పుడు జరిగినవే. వేసుకుని తిరిగిన ధైర్యంతో, వేసుకోకుండా లేచి ఉంటారని నా అనుమానం. రాత్రి బాత్రూంకి, పొద్దున్నే పేపర్ కోసం, కాలింగ్ బెల్ మోగితే తలుపు తీయడానికి. మన టైల్స్ మీద, తడి బాత్రూం గుమ్మం దగ్గర ఈ సంగతి ఇంకెంత వర్తిస్తుందో వేరే చెప్పాలా?

బ్రేస్‌ని బూటు లేకుండా ఉత్తిదే వేసుకుని టైల్స్ మీద నడవడం మరీ ప్రమాదం, ప్లాస్టిక్ జర్రున జారుతుంది. నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లోకి వేరే జత కొనండి, ఒక సైజు పెద్దది, వెల్‌క్రో పట్టీది, వీధి మట్టి ఎరగనిది. మాస్టారి భార్య దీనికి ఒప్పుకోవడానికి వారం పట్టింది. దేవుడి గది ఉన్న ఇంట్లో బూట్లేమిటని ఆవిడ బాధ. ఆ బాధని నేను తేలిగ్గా తీసుకోను. చివరికి దేవుడి గది గుమ్మంలో కుర్చీ వేశారు, ఆయన అక్కడే కూర్చుని బూటు విప్పి దణ్ణం పెట్టుకుంటారు. బూటు ఎంతకీ కుదరని ఇళ్లకి బ్రేస్ అడుగునే రబ్బరు సోల్ అతికించి ఇవ్వమని అడగొచ్చు. బిగుతు తక్కువున్నవాళ్లకి ఉట్టి కాలికి వేసే సాగే పట్టీలూ దొరుకుతాయి.

బ్రేస్ చేయనిది ఇంకొకటి, పిక్క బిగుతుని తగ్గించదు. అమెరికా నరాల ఫిజియోథెరపిస్టుల సంఘం 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు నడక వేగానికీ, కదలికలో బ్యాలెన్స్‌కీ బ్రేస్ ఇవ్వమంటూనే, బిగుతు తగ్గించడం కోసం మాత్రం ఇవ్వొద్దంటాయి. బిగుతుకి సాగదీసే వ్యాయామాలు, మందులు, కొందరికి బోటాక్స్ ఇంజెక్షన్లు ఉన్నాయి. అది డాక్టరు చూడాల్సిన పని.

కరెంటు పరికరం గురించి కూడా అడుగుతుంటారు. మోకాలి పక్కన నరాన్ని చిన్న కరెంటుతో తట్టి అడుగడుక్కీ పాదాన్ని లేపించేది. 1961లో లిబర్సన్ అనే డాక్టరు మొదలుపెట్టిన ఆలోచన అది. 197 మందితో 30 వారాలు చేసి, 2013లో ఫలితాలు వెలువరించిన ప్రయోగంలో నడక వేగం విషయంలో అదీ, బ్రేసూ సమానంగానే నిలిచాయి. వాడినవాళ్లు మాత్రం కరెంటు పరికరాన్నే ఎక్కువ ఇష్టపడ్డారు. స్తోమత ఉంటే అడిగి చూడండి. లేదని దిగులు పడాల్సిన పని లేదు.

ఇక వేసుకోవడం. దీని గురించి ఎవరూ ఓపిగ్గా చెప్పరు, అందుకని నేను చెబుతాను. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టండి, మంచం అంచున కాదు. మోకాలి దాకా వచ్చే నూలు మేజోడు ముడత లేకుండా తొడగండి. ముడత ఉంటే సాయంత్రానికి బొబ్బ. మోకాలు వంచి మడమని బ్రేస్ వెనక్కంటా నెట్టండి, వేలు పెట్టి చూస్తే మడమ వెనక సందు దొరకకూడదు. ముందు చీలమండ పట్టీ బిగించండి, తర్వాత పైపట్టీ. చాలామంది పైది ముందు బిగించేస్తారు, మడమ లేచిపోయి నడుస్తున్నంతసేపూ లోపల పాదం పైకీ కిందికీ జారుతూ రాసుకుంటుంది. బ్రేస్ పైఅంచు మోకాలి బయటివైపు తగిలే ఎముక బుడిపెకి ఆనుకోకుండా, కొంచెం ఎడంగా కిందే ఉండాలి. ఆ బుడిపె కింద నుంచే పాదాన్ని లేపే నరం వెళుతుంది, అంచు దాన్ని నొక్కితే మనం ఏ జబ్బు కోసం బ్రేస్ వేశామో ఆ జబ్బునే పెంచినట్టు. షాపులో రెడీమేడ్‌గా కొన్నవాటిలో ఈ కొలత తప్పడం తరచూ చూస్తుంటాను.

తీశాక కాలు చూడాలి, ప్రతిసారీ, వెలుతురులో. చీలమండ ఎముకలు, మడమ, చిటికెన వేలి పక్క, పిక్క. ఎర్రటి గుర్తు పడటం మామూలే. 20, 30 నిమిషాల్లో చెరిగిపోవాలి. చెరగకపోతే ఆ రోజుకి బ్రేస్ ఆపి, చేసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి అక్కడ వేడిచేసి సరిచేయించాలి. షుగర్ ఉన్నవాళ్లకీ, స్పర్శ పోయినవాళ్లకీ ఇది మరీ ముఖ్యం, పుండు పడినా నొప్పి తెలియదు. మన సముద్రపు ఉక్కకి మే నెలలో మేజోడు మధ్యాహ్నానికే తడిసిపోతుంది, రెండో జత దగ్గరుంచుకోండి. మొదటిరోజే పూటంతా వేయొద్దు. గంటతో మొదలుపెట్టి రోజురోజుకీ పెంచండి.

ఆరు నెలలకోసారి బ్రేస్ ఇంకా అవసరమా, ఇదే రకం చాలా అని మళ్లీ చూపించుకోవాలి. కాలు మారుతుంది, పిక్క చిక్కుతుంది, కొందరికి ముందు కండరం తిరిగొస్తుంది. ఒకసారి రాసిన కళ్లజోడు నంబరే జీవితాంతం ఉండదు కదా.

మాస్టారికి మొదటి నుంచీ ఉన్న కోరిక ఆర్‌కే బీచ్. మొన్న ఆదివారం సాయంత్రం ఆయన కొడుకు ఆటోలో తీసుకెళ్లాడు, నన్నూ రమ్మన్నారు. ఫుట్‌పాత్ మీద కర్రతో నడిచారు. అలల హోరులో అడుగు చప్పుడు నాకు వినబడలేదు గానీ, పాదం కనబడుతోంది: మడమ, తర్వాత వేళ్లు, మళ్లీ మడమ. మధ్యలో బఠాణీల అబ్బాయి “ఏం మాస్టారూ, చాన్నాళ్లకి!” అని పలకరిస్తే, నడుస్తూనే జవాబిచ్చారు. ఇసక అంచున గోడ మీద కూర్చోబెట్టాక బ్రేస్ తీసేయమన్నారు. ఇసకలో బ్రేస్ పనికిరాదు, ఉట్టి కాలితో నడవడం ఇంకా పనికిరాదు, అది ఆయనకీ తెలుసు. “నడవనమ్మా. కాళ్లు పెట్టుకుంటాను, అంతే.” కొడుకు బూటు విప్పాడు. వెంట వచ్చిన మాస్టారి భార్య అలవాటు కొద్దీ మేజోడు దించి పిక్క వైపు చూశారు. పట్టీ ఎర్రగా గుర్తు వేసింది. ఎడమ పాదాన్ని రెండు చేతులా ఎత్తి ఇసకలో పెట్టి పక్కన కూర్చున్నారు. లైట్లు వెలిగే వేళకి మళ్లీ మేజోడు తొడగబోతూ చూస్తే ఆ గుర్తు చెరిగిపోయి ఉంది.